పిస్టన్ల ఎంపిక – ఒక పాత మెకానిక్ అనుభవం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై అచ్చు వేస్తున్నాం.)



కిందటేడు ఈ వేదిక మీద మన డాక్టరు గారు గుండె గురించి మాట్లాడారు. అది విని కార్యదర్శి గారు నాతో, "మీరు ఈసారి బండి గుండె గురించి మాట్లాడండి" అన్నారు. నేను వక్తను కాదు. సికింద్రాబాదు ఈ.ఎం.ఇ. సెంటర్‌లో స్పానర్ పట్టడం నేర్చుకుని, ఇరవై రెండేళ్ళు చేతులకు గ్రీజుతో బతికినవాణ్ణి. "కర్మ హి ధర్మః" అన్నది మా కోర్ నినాదం. అందుకని నాకు తెలిసిన పని గురించే చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

మనలో చాలామంది రిటైరయ్యాక వేలంలో ఒక జిప్సీ కొనుక్కుంటారు. సర్వీసులో నడిపిన బండి మీద మమకారం అలాంటిది. కొన్నాళ్ళకు ఇంజన్ పొగ వదులుతుంది, ఆయిల్ తాగుతుంది. విప్పించాలి. ఆ సమయానికి ఇంట్లో కాలేజీ చదివే కొడుకో, అల్లుడో ఉంటాడు. "ఎలాగూ విప్పుతున్నాం కదా, పవర్ పెంచుదాం, మంచి పిస్టన్లు వేయిద్దాం" అంటాడు. ఈ "మంచి పిస్టన్లు" అనే మాట దగ్గరే నేను ఒకసారి బోల్తా పడ్డాను. ఆ సంగతి చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా పిస్టన్ పడే కష్టం ఎంతో చూద్దాం. జిప్సీ 1985లో 970 సి.సి. ఇంజన్‌తో వచ్చింది. 1996లో జిప్సీ కింగ్ పేరుతో 1300 సి.సి. ఇంజన్ వచ్చింది. తర్వాత వచ్చిన పదహారు వాల్వుల ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజన్ 6000 ఆర్.పి.ఎం. దగ్గర 80 హార్స్ పవర్ ఇస్తుంది. ఆ ఇంజన్ బోర్ 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 75.5 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి, చివరిదాకా పనికొస్తాయి.

6000 ఆర్.పి.ఎం. అంటే సెకనుకు వంద చుట్లు. ఒక్కో చుట్టులో పిస్టన్ పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి వెనక్కి తిరుగుతుంది. అంటే సెకనుకు రెండు వందల సార్లు ఆగుతుంది, రెండు వందల సార్లు బయల్దేరుతుంది. ఆ మధ్యలో దాని సగటు వేగం సెకనుకు 15 మీటర్లు, గంటకు 54 కిలోమీటర్లు. పైన ఆగి తిరిగే క్షణంలో దాని మీద పడే త్వరణం లెక్కవేస్తే సుమారు రెండు వేల 'జి' వస్తుంది. వాయుసేన మిత్రులకు 'జి' అంటే నేను చెప్పక్కర్లేదు. తొమ్మిది 'జి' దగ్గర మనిషికి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. మూడు వందల గ్రాముల పిస్టన్ ఆ క్షణంలో ఆరు వందల కిలోల బరువులా కనెక్టింగ్ రాడ్‌ను లాగుతుంది. అదే ఇంజన్‌ను 7500 దాకా తిప్పితే వేగం పెరిగింది పాతిక శాతమే అయినా, ఆ లాగుడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇది కాక పైనుంచి మంట. పెట్రోలు మండినప్పుడు ఆ వాయువుల వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ చేసిన అల్యూమినియమేమో 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి పిస్టన్ ఎందుకు కరగదు? ఆ మంట ఒక్క క్షణమే ఉంటుంది. పడ్డ వేడిని రింగులు, స్కర్టు సిలిండర్ గోడకు అప్పజెబుతాయి, ఆయిల్ కొంత తీసుకుపోతుంది. ఈ అప్పగింత సాగినంత కాలం పిస్టన్ బతుకుతుంది. ఆగిన రోజున చస్తుంది. పిస్టన్ కథంతా ఇంతే.

ఇక నా కథ. 2009వ సంవత్సరం. నేను ఇక్కడే పుణేలో రిటైరై, ఖడ్కీ దగ్గర చిన్న షెడ్డు పెట్టుకున్నాను. మన సంఘంలో అందరికీ తెలిసిన ఒక సుబేదార్ గారు ఉన్నారు. ఇరవై నాలుగేళ్ళు ఆర్మీలో బండ్లు నడిపిన మనిషి. నన్ను "తమ్ముడూ" అని పిలుస్తారు. ఆయన పేరు చెప్పను. ఇప్పుడు కూడా ముందు వరసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నారు. ఆయన అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. తండ్రి జిప్సీని ర్యాలీకి తయారుచేయాలని పట్టుబట్టాడు. సిమ్లా నుంచి లడఖ్ వైపు వెళ్ళే రెయిడ్ ద హిమాలయ అప్పట్లో 1999 నుంచి జరుగుతుండేది కదా, అందులో ఒక్కసారైనా దిగాలని వాడి కోరిక. సుబేదార్ గారు కమ్యుటేషన్ డబ్బులోంచి కొంత తీసి వాడి చేతిలో పెట్టారు. వాడు విదేశం నుంచి ఒక సెట్టు ఫోర్జ్‌డ్ పిస్టన్లు తెప్పించాడు. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు, అంటే 74.5.

పెట్టె విప్పితే పిస్టన్లు వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి. నా సర్వీసులో అంత అందమైన పిస్టన్లు నేను చూడలేదు. పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది. అబ్బాయి దాన్ని చదివి, "బాబాయ్, ఇందులో గోడకూ పిస్టన్‌కూ మధ్య సందు 0.09 మిల్లీమీటర్లు పెట్టమన్నారు" అన్నాడు. నేను నవ్వాను. కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్ నాకు కంఠతా వచ్చు. ఈ ఇంజన్‌కు సందు 0.02 నుంచి 0.04. "అంత వదులు పెడితే బండి రేకు డబ్బాలా మోగుతుందిరా. వాళ్ళు భయంకొద్దీ రాస్తారు. మనం 0.04 పెడదాం" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. బాబాయ్ ఇరవై రెండేళ్ళు మిలిటరీ ఇంజన్లు విప్పినవాడు కదా! లేత్ వర్క్‌షాపు అతను నేను చెప్పిన కొలతకే బోరింగు, హోనింగు చేసి ఇచ్చాడు. ఆయన పని తప్పు కాదు. అడిగింది ఇచ్చాడు.

ఇంజన్ స్టార్టయింది. శబ్దం కుట్టుమిషనులా ఉంది. ఊళ్ళో వారం రోజులు నెమ్మదిగా తిప్పాం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాతారా రోడ్డు మీద ట్రయల్‌కు బయల్దేరాం. అబ్బాయి స్టీరింగ్ దగ్గర, సుబేదార్ గారు పక్కన, నేను వెనక. ఖంబాట్కీ ఘాట్ ఎక్కుతున్నాం. వాడు మూడో గేర్‌లో యాక్సిలరేటర్ బాగా తొక్కాడు. సగం ఎక్కాక బండి బరువెక్కినట్టు అనిపించింది. నేను "కాలు తియ్యరా" అనేలోపే ఇంజన్ పట్టేసింది. వెనక చక్రాలు రెండూ ఒక్కసారి బిగుసుకున్నాయి. బండి పక్కకి తిరిగింది. మా వెనకే చెరకు లారీ వస్తోంది.

అప్పుడు సుబేదార్ గారు "క్లచ్!" అని ఒక్క కేక పెట్టారు. వాడు క్లచ్ తొక్కాడు. చక్రాలు వదిలాయి. స్టీరింగ్ సరిచేసి బండిని అంచుకు తెచ్చి ఆపాడు. లారీ హారన్ కొట్టుకుంటూ మా పక్కనుంచే వెళ్ళిపోయింది. నేను దిగి టైర్ల వెనక రాళ్ళు పెడుతుంటే నా చేతులు వణికాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బాటిల్ తెచ్చి ఇచ్చి, "ముందు నీళ్ళు తాగు తమ్ముడూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇంజన్ విప్పాం. నాలుగు పిస్టన్లలో మూడింటి స్కర్టుల మీద నిలువు గీతలు. అల్యూమినియం కరిగి బోర్ గోడకు అంటుకుంది. ఆయిల్ ఉంది, నీళ్ళున్నాయి, వాటర్ పంపు బాగానే ఉంది. కాగితంలో ఉన్న 0.09 ఒక్కటే లేదు.

ఎందుకిలా జరిగిందో తర్వాత కూర్చుని చదివాను. చదవాల్సింది ముందు, చదివింది తర్వాత. అందులో మీకు పనికొచ్చేది చెబుతాను.

పిస్టన్లు రెండు రకాలుగా పుడతాయి. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే ఒకటి పోత పని, ఇంకొకటి కొట్టుడు పని. కరిగించి అచ్చులో పోస్తే కాస్ట్ పిస్టన్. వేడి దిమ్మెను పెద్ద ప్రెస్ కింద నొక్కి చేస్తే ఫోర్జ్‌డ్ పిస్టన్. కమ్మరి కొలిమిలో కొట్టిన కొడవలి ఎలా గట్టిదో ఇదీ అలా గట్టిది. లోపల గాలి బుడగలుండవు, లోహం బిగువుగా ఉంటుంది.

కానీ అసలు తేడా లోహంలో కలిపిన సిలికాన్‌లో ఉంది. కంపెనీ బండ్లలో వచ్చే మామూలు కాస్ట్ పిస్టన్లలో సుమారు 12 శాతం సిలికాన్ ఉంటుంది. హైపర్‌యూటెక్టిక్ అనే రకంలో 16 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. సిలికాన్ ఎక్కువైతే పిస్టన్ వేడికి తక్కువ ఉబ్బుతుంది, అరుగుదల తగ్గుతుంది, కానీ పెళుసవుతుంది. ఫోర్జ్‌డ్‌లోనూ రెండు రకాలున్నాయి. 4032 అనే మిశ్రమంలో 12 శాతం సిలికాన్ ఉంటుంది. 2618 అనే దానిలో దాదాపు లేనట్టే.

ఈ 2618కి మన సైనిక లోకంతో పాత చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో, వేడిలోనూ బలం తగ్గని అల్యూమినియం కోసం వెతికి 'వై అలాయ్' తయారుచేశారు. అందులో 4 శాతం రాగి, 2 శాతం నికెల్, 1.5 శాతం మెగ్నీషియం. దాని వంశంలోనే రోల్స్ రాయిస్ వారి 'ఆర్.ఆర్. 58' వచ్చింది. కాంకార్డ్ విమానం పైతొడుగు దానితోనే చేశారు. అమెరికా లెక్కలో దాని నంబరే 2618. అంటే మా అబ్బాయి తెచ్చింది విమానాల జాతి లోహం. గొప్పదే. కానీ గొప్పవాళ్ళకు చోటు ఎక్కువ కావాలి.

ఎంత చోటు? 74 మిల్లీమీటర్ల ముక్కను వంద డిగ్రీలు వేడి చేస్తే 2618 లోహం సుమారు 0.165 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 4032 అయితే 0.144. బోర్‌లో ఉన్న ఇనుప లైనర్ పెరిగేది 0.08 మాత్రమే. గోడ పెరిగేదానికి రెట్టింపు పిస్టన్ పెరుగుతోంది. ఇక్కడ మనం మాట్లాడుతున్న తేడాలు తల వెంట్రుక మందం కంటే తక్కువ. కానీ మొత్తం సందే వెంట్రుక మందం అయినప్పుడు అది చిన్న తేడా కాదు.

ఇంకో సంగతి. పిస్టన్ గుండ్రంగా ఉంటుందనుకుంటాం. ఉండదు. గజన్ పిన్ ఉన్న వైపు కొంచెం సన్నగా, దానికి అడ్డంగా కొంచెం వెడల్పుగా ఉంటుంది. పైభాగం ఎక్కువ వేడెక్కుతుంది గనక సన్నగా, కింద స్కర్టు లావుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు వంకరగా ఉండి, వేడెక్కాక సరైన ఆకారానికి వచ్చేట్టు తయారీదారు దాన్ని చెక్కుతాడు. ఆ చెక్కుడు, ఆ లోహం, ఆ సందు – మూడూ ఒకే లెక్కలోవి. ఒకటి మార్చి మిగతావి పాతవే ఉంచితే లెక్క తప్పుతుంది.

నేను చేసిన తప్పు అదే. సందు ఇంజన్‌ది అనుకున్నాను. సందు ఇంజన్‌ది కాదు మిత్రులారా, పిస్టన్‌ది. పిస్టన్ మారితే సందు మారుతుంది. కంపెనీ మాన్యువల్ తప్పు చెప్పలేదు. అది కంపెనీ పిస్టన్ గురించి రాసిన పుస్తకం. నేను దాన్ని వేరే పిస్టన్‌కు చదివాను.

సరే, ఇంజన్ మళ్ళీ కట్టాలి. గోడలు చెడ్డాయి కాబట్టి కొత్త లైనర్లు వేయించి, బోర్ మళ్ళీ 74కే తెచ్చాం. అబ్బాయి వచ్చి, "ఇప్పుడు ఏ పిస్టన్ వేద్దాం బాబాయ్?" అన్నాడు. ఈసారి నేను జవాబు చెప్పలేదు. ఒక కాగితం తీసి, కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు ఇద్దరం కలిసి రాశాం. అవే మీకు చెబుతాను.

మొదటి ప్రశ్న: ఈ ఇంజన్ చేయబోయే పని ఏమిటి? టర్బో పెడతామా? ఎంత ఆర్.పి.ఎం. తిప్పుతాం? రోజూ కూరగాయలకు కూడా ఇదే బండా? టర్బో పెట్టి గట్టిగా బూస్ట్ ఇచ్చే ఇంజన్‌కు 2618 సరైనది. నాకింగ్ వచ్చినా అది పగలకుండా కొంత ఓర్చుకుంటుంది. సొట్ట పడుతుందేమో గానీ ముక్కలు కాదు. టర్బో లేకుండా ఎక్కువ తిప్పే ఇంజన్‌కు, రోడ్డు మీద రోజూ నడిచే బండికి 4032 మేలు. సందు తక్కువ, పొద్దున్నే టకటకమనే స్లాప్ శబ్దం తక్కువ, రింగుల గాడి త్వరగా అరగదు. ఈ రెండూ కానప్పుడు, 80 హార్స్ పవర్ ఇంజన్‌ను దాని హద్దుల్లోనే నడిపేటప్పుడు, మంచి కంపెనీ కాస్ట్ పిస్టన్ చాలు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి: పిస్టన్ పవర్‌ను పుట్టించదు, పుట్టిన పవర్‌ను మోస్తుంది. 80 హార్స్ పవర్ ఇంజన్‌లో ఫోర్జ్‌డ్ పిస్టన్ వేసినంత మాత్రాన అది 81 కాదు.

రెండో ప్రశ్న: ఓవర్‌సైజు ఎందుకు? చాలామంది బోర్ పెంచితే పవర్ పెరుగుతుందనుకుంటారు. లెక్క వేసి చూడండి. 74 బోర్‌తో ఇంజన్ 1299 సి.సి. 74.5తో 1317. పెరిగింది 18 సి.సి., ఒకటిన్నర శాతం కూడా లేదు. ఓవర్‌సైజు అన్నది అరిగిన గోడకు వైద్యం. అరుగుదల పోవడానికి ఎంత కావాలో అంతే తీయాలి. 0.25తో సరిపోయేచోట 0.50 తీస్తే రేపటి రిపేరును ఈరోజే తినేసినట్టు.

మూడో ప్రశ్న: కంప్రెషన్ నిష్పత్తి ఎంత? ఇక్కడే పిల్లలు ఎక్కువ ఆశపడతారు. పిస్టన్ తల ఉబ్బుగా ఉంటే నిష్పత్తి పెరుగుతుంది, పళ్ళెంలా గుంట ఉంటే తగ్గుతుంది. మన ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 324.7 సి.సి. నిష్పత్తి 9 అనుకుంటే పైన మిగిలే చోటు 40.6 సి.సి. దాన్ని 10 చేయాలంటే ఆ చోటు 36.1కి తగ్గాలి. నాలుగున్నర సి.సి., అంటే ఒక టీ చెంచా కూడా కాదు. అందుకే మందుల షాపులో సిరంజి కొని, హెడ్‌లోని చాంబర్లను ద్రవంతో నింపి కొలవాలి. కేటలాగులో రాసిన నిష్పత్తి వాళ్ళ హెడ్‌కు, వాళ్ళ గ్యాస్కెట్ మందానికి వర్తిస్తుంది. మన హెడ్ ఎన్నిసార్లు ఫేసింగ్ అయిందో వాళ్ళకేం తెలుసు?

అబ్బాయి 11 కావాలన్నాడు. "లడఖ్‌లో గాలి పల్చన కదా బాబాయ్, నాక్ రాదు" అన్నాడు. సగం నిజమే. ఖర్దుంగ్ లా మీద గాలి పీడనం సముద్ర మట్టం దగ్గరి దానిలో సుమారు సగం. సిలిండర్‌లోకి వెళ్ళే గాలి సగం, కాబట్టి పవర్ కూడా దాదాపు సగం. అక్కడ 11 నిష్పత్తి ఇబ్బంది పెట్టదు. కానీ ఆ బండి లేహ్‌లోనే ఉండిపోదు కదా! మే నెలలో విజయవాడ రోడ్డు మీద, నాలుగు టన్నుల లారీని ఓవర్‌టేక్ చేస్తూ అదే నిష్పత్తితో పోతే ఏమవుతుంది? నాకింగ్ మొదలవుతుంది. నాకింగ్ అంటే మంట నెమ్మదిగా పాకకుండా, మూల మిగిలిన మిశ్రమం ఒక్కసారి పేలడం. ఆ దెబ్బకు కాస్ట్ పిస్టన్ రింగుల మధ్య అంచులు విరుగుతాయి. ఇంత సాహసం చేస్తే లాభమెంత? సిద్ధాంతం ప్రకారం 9 నుంచి 10కి పెంచితే సామర్థ్యం సుమారు 3 శాతం పెరుగుతుంది. 80లో 3 శాతం అంటే రెండు హార్స్ పవర్ చిల్లర. రెండు హార్స్ పవర్ కోసం ఇంజన్‌ను పణంగా పెట్టాలా అని అడిగాను. వాడు తల గీరుకున్నాడు.

ఈ విషయంలోనే ఈనాటి సంగతి ఒకటి. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చేసింది. ఇథనాల్‌కు నాక్‌ను ఆపే గుణం ఎక్కువే. కానీ దానిలో ఆక్సిజన్ ఉంటుంది గనక పాత సెట్టింగులున్న ఇంజన్‌లో మిశ్రమం పల్చబడుతుంది. ఫుల్ లోడులో పల్చటి మిశ్రమం పిస్టన్ తలను మాడుస్తుంది. కాబట్టి పాత జిప్సీని కొత్త పిస్టన్లతో కట్టేవాళ్ళు ఇంధనం సెట్టింగు కూడా చూపించుకోవాలి. రబ్బరు పైపులు సరే, పిస్టన్ సంగతి కూడా ఇందులో ఉందని మరవకండి.

నాలుగో ప్రశ్న: ఇది నా ఇంజన్‌లో పడుతుందా? బోర్ ఒక్కటి కలిస్తే చాలదు. గజన్ పిన్ మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు కలవాలి. లేకపోతే పిస్టన్ బ్లాక్ పైకి పొడుచుకొస్తుంది, లేదా కిందే ఆగిపోతుంది. పిన్ లావు కలవాలి. పిన్ రాడ్‌లో ప్రెస్ ఫిట్టా, వదులుగా తిరుగుతూ సర్క్లిప్‌తో ఆగేదా చూడాలి. వాల్వులకు తల మీద చెక్కిన గుంటలు మన హెడ్‌కు సరిపోవాలి. ఇది తెలుసుకోవడానికి పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే పిస్టన్ తల మీద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి ఆ క్లే మందం కొలవాలి. ఇన్‌లెట్ వైపు రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర ఉంటే నిశ్చింత.

ఐదో ప్రశ్న, నా పాలిట పెద్ద ప్రశ్న: పెట్టెలోని కాగితం ఏం చెబుతోంది? సందు ఎంత? పిస్టన్‌ను ఎక్కడ కొలవాలి? ప్రతి తయారీదారూ ఒక చోటు చెబుతాడు: పిన్‌కు అడ్డంగా, స్కర్టు కింది అంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్ల ఎత్తులో అని. అక్కడే మైక్రోమీటర్ పెట్టాలి. ముందు పిస్టన్లు చేతికి రావాలి, నాలుగూ కొలవాలి, ఆ తర్వాతే బోరింగుకు ఇవ్వాలి. ఏ పిస్టన్‌కు ఏ బోరో నంబరు వేసుకోవాలి. ముందే బోర్ చేయించి పిస్టన్ కోసం వెతకడం, కాలు కొలవకుండా బూటు ఇండెంట్ పెట్టడం లాంటిది. కొలిచేటప్పుడు పిస్టన్, బ్లాకు, మైక్రోమీటర్ – మూడూ ఒకే గదిలో రాత్రంతా ఉండి ఒకే వేడికి వచ్చి ఉండాలి. ఎండలో ఉన్న పిస్టన్‌ను, నీడలో ఉన్న బ్లాకును కొలిస్తే ఆ కొలత అబద్ధం.

రింగుల సందు సంగతి కూడా ఇదే. రింగును బోర్‌లో పెట్టి రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్‌తో చూడాలి. మామూలు ఇంజన్‌కు పై రింగుకు బోర్ కొలతలో వెయ్యికి నాలుగు వంతులు అని ఒక మోటు లెక్క. 74కి సుమారు 0.30 మిల్లీమీటర్లు. టర్బో అయితే ఇంకా ఎక్కువ వదలాలి. తక్కువైతే వేడికి కొసలు ఢీకొని రింగు గోడను చీరేస్తుంది. ఎక్కువైతే కొంచెం కంప్రెషన్ పోతుంది, అంతే. ఇక్కడ కూడా కాగితం మాటే పైమాట. చివరగా నాలుగు పిస్టన్లనూ పిన్‌లతో సహా తూచి, ఒక గ్రాము తేడాలోకి తేవాలి. రెండు వేల 'జి' దగ్గర ఒక గ్రాము రెండు కిలోలవుతుంది.

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసుకున్నాక ఎంపిక తనంతట తానే తేలింది. టర్బో లేదు, 6500 దాటి తిప్పేది లేదు, ఇంటి బండి కూడా అదే. కంపెనీ స్టాండర్డ్ కాస్ట్ పిస్టన్లు తెచ్చాం. 0.035 సందు పెట్టాం. ఈసారి మాన్యువల్ దానికి సరైన పుస్తకమే. నిష్పత్తి ముట్టుకోలేదు. మిగిలిన డబ్బుతో క్రాంకు, ఫ్లైవీల్ బ్యాలెన్సు చేయించాం, వాల్వు సీట్లు కొత్తగా కోయించాం, రేడియేటర్ మార్చాం, బ్రేకులు మార్చాం. మన దేశంలో మంచి పిస్టన్లు దొరకవనుకోకండి. చెన్నైలో 1949లోనే ఇండియా పిస్టన్స్ మొదలైంది. మన శ్రీకాకుళం జిల్లాలో కూడా పిస్టన్లు తయారవుతున్నాయి. విదేశీ పెట్టె మెరుపు చూసి మోసపోవాల్సిన పని లేదు.

ఆ జిప్సీ అబ్బాయిని లేహ్ దాకా తీసుకెళ్ళింది, తీసుకొచ్చింది. ర్యాలీ పోటీకి కాదు, తండ్రీ కొడుకులిద్దరూ ఊరికే వెళ్ళొచ్చారు. పోటీలో దిగాలంటే వేరే ఖర్చులు చాలా ఉంటాయని వాడికి అప్పటికి అర్థమైంది. ఇప్పుడు వాడు కోయంబత్తూరులో రేసు ఇంజన్లు కట్టే పనిలో ఉన్నాడు. వాడు కట్టే టర్బో ఇంజన్లలో 2618 పిస్టన్లే వేస్తాడు, కాగితం చెప్పిన సందుతో. పొద్దున్నే కాస్త మోగుతాయట, వేడెక్కాక సర్దుకుంటాయట. అంటే ఆ రోజు వాడు తెచ్చిన పిస్టన్లు చెడ్డవి కావు. ఆ పనికి అవసరం లేనివి. నా చేతిలో తప్పు కొలతకు బలైనవి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. సర్కారీ బండి దగ్గర ఈ ఎంపికలేవీ ఉండవు. అక్కడ ఇండెంటులో ఉన్న పార్ట్ నంబరే వేదం, అలాగే ఉండాలి. కానీ ఇంకో పాఠం అక్కడ కూడా వర్తిస్తుంది. ఆ రోజు సరైన మాట చెప్పినవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. తప్పు చెప్పినవాణ్ణి నేను, చేతిలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. వర్క్‌షాపులో కొత్తగా వచ్చిన క్రాఫ్ట్స్‌మన్ "ఉస్తాద్, కాగితంలో వేరేలా ఉంది" అంటే, నవ్వకండి. ఆ కాగితం తీసుకుని అద్దాలు పెట్టుకుని చదవండి. రెండు నిమిషాలు పడుతుంది. ఘాట్ రోడ్డు మీద క్లచ్ తొక్కడానికి అంత టైము దొరకదు.

 భోజనాల వేళయింది. పిస్టన్‌కైనా మనిషికైనా చల్లారాకే కొలతలు, తిన్నాకే మాటలు. ఎవరైనా జిప్సీ విప్పేముందు నా దగ్గరకు రండి. సలహా ఉచితం, టీ మాత్రం మీరే తాగించాలి.

జై హింద్.